సిలికాన్‌కి పెట్టిన బొట్టు

కరోనా రెండో విడత తగ్గి కాలేజీలు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న సంవత్సరం, జూన్ నెలలో, భీమవరం శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు శాఖాధిపతిగా చేరాను. అంతకు ముందంతా రాజమండ్రిలో పాఠాలు చెప్పుకున్నవాణ్ణి. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. హెడ్డు పదవితో పాటు అక్కడి రీసెర్చి సెంటరు బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. రీసెర్చి సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక గొట్టపు కొలిమి, యాసిడ్ పొగలు బయటికి లాగే ఒక గూడు, ఒక రీసెర్చి స్కాలరు. కిటికీ తీస్తే రొయ్యల చెరువులు. వాటిలో నీటిని చిలికే ఏరేటర్ల చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తూనే ఉండేది.

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మంచిది. నా కింద పనిచేసినవాళ్ళు ఎలాగూ చెబుతారు. అంతకన్నా చెడ్డ అలవాటు ఇంకొకటి ఉంది. ఏదైనా చెడిపోతే, చెడగొట్టింది ఎవరో ముందు తేల్చేసి, చెడిందేమిటో తర్వాత చూస్తాను.

మా పని సిలికాన్‌తో. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాని లోపలి చిప్పు సిలికానే. లెక్కలు చెయ్యడం దానికి బాగా వచ్చు. అయస్కాంతంగా ఉండడం మాత్రం రాదు. అయస్కాంతం దగ్గరికి తెస్తే అతుక్కోవడం మాట అలా ఉంచి, కంటికి తెలియనంత కొద్దిగా దూరం జరగబోతుంది. కంప్యూటర్‌లో లెక్క చేసే వస్తువు ఒకటి, ఆ లెక్కని అయస్కాంతపు పొరలో దాచుకునే వస్తువు ఇంకొకటి. రెండు పనులూ ఒక్క సిలికానే చేస్తే ఎంత బావుణ్ణని ప్రపంచంలో చాలామందికి ఆశ. సిలికాన్‌ని నానో పరిమాణానికి, అంటే వెంట్రుక మందంలో వెయ్యోవంతుకి చిన్నది చేసి, అందులో మాంగనీసు లాంటి లోహపు పరమాణువుల్ని అక్కడక్కడ ఇరికిస్తే అయస్కాంత గుణం వస్తుందా? అలా ఇరికించడాన్నే డోపింగ్ అంటారు. వస్తుందని కొందరూ, రాదని కొందరూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటలో మేమూ ఒక చెయ్యి వేద్దామనుకున్నాం.

ఖరీదైన సిలికాన్ పలకలు కొనే స్తోమత మాకు లేదు. కానీ ఊకలో సిలికా ఉంటుంది, ఊకకి మా జిల్లాలో కరువేమిటి? రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి, యాసిడ్‌లో కడిగి, కాల్చి తెల్లటి బూడిద చేసేవాళ్ళం. దాన్ని మెగ్నీషియంతో కలిపి మళ్ళీ కాల్చి, మళ్ళీ యాసిడ్‌లో కడిగితే గోధుమరంగు సిలికాన్ పొడి మిగిలేది. ఆ పొడిని మాంగనీసు లవణంతో కల్వంలో నూరి, బోటులో పోసి కొలిమిలో పెడతాం. బోటంటే వేలెడంత పింగాణీ దోనె. దాని మీద మెరుపు పూత ఉండదు, చేతికి గరుగ్గా తగులుతుంది. గొట్టంలోకి ఆర్గాన్ వాయువుతో పాటు కొద్దిగా హైడ్రోజన్ పంపిస్తాం, సిలికాన్‌కి ఆక్సిజన్ పట్టకుండా. ఈ హైడ్రోజన్ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

అయస్కాంత గుణం కొలిచే యంత్రం మా దగ్గర లేదు. వేరే ఊళ్ళోని ఒక పెద్ద సంస్థలో ఉంది, కొన్ని నెలలకోసారి మాకు ఒకరోజు ఇచ్చేవారు. చిటికెడు పొడిని అయస్కాంత క్షేత్రంలో వణికిస్తూ, అది ఎంత స్పందిస్తోందో ఆ యంత్రం గీత గీసి చూపిస్తుంది. మామూలు సిలికాన్ అయితే కిందికి వాలే తిన్నటి గీత. అయస్కాంత గుణం ఉంటే గీత ఎస్ అక్షరంలా వంగుతుంది. ఇంకో నియమం ఉంది. మాంగనీసు వెయ్యకుండా, మిగతా పనులన్నీ అచ్చంగా అలాగే చేసిన పొడిని కూడా కొలవాలి. దాన్ని బ్లాంకు అంటారు. బ్లాంకు గీత తిన్నగా ఉంటేనే మాంగనీసు వల్ల వంగిందని చెప్పే హక్కు మనకి ఉంటుంది. మేం బ్లాంకుని శ్రావణంలో చేశాం, కొలిపించాం, గీత తిన్నగా వచ్చింది. ఆ పని అయిపోయిందనుకున్నాం.

మేం అంటే నేనూ, ప్రసన్నానూ. ప్రసన్న మా రీసెర్చి స్కాలరు. నేను చేరేనాటికే అక్కడ టెంపరరీ లెక్చరరుగా పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళ నాన్నగారికి ద్రాక్షారామంలో పూజా సామగ్రి కొట్టు. భర్త భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. రొయ్యకి రేటు పడిపోతే ఐస్‌కి పనుండదు, ఐస్‌కి పని లేకపోతే ఆయనకి జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. కాబట్టి ప్రసన్న ఉద్యోగమే ఆ ఇంటికి ఆధారం. కాలేజీ యాజమాన్యం ఆవిడకి ఒక మాట ఇచ్చింది. వచ్చే వేసవికల్లా థీసిస్ సమర్పిస్తే అసిస్టెంట్ ప్రొఫెసరుగా పర్మనెంటు చేస్తారు. లేకపోతే ఆ పోస్టు ప్రకటన ఇచ్చి వేరేవాళ్ళని తీసుకుంటారు. ఈ సంగతి నాకు చేరిన వారంలోనే తెలుసు.

దసరా వచ్చింది. లాబ్‌లో ఆయుధ పూజ చేయించడం రాజమండ్రి నుంచీ నా ఆనవాయితీ. వడ్రంగి ఉలికి, డ్రైవరు లారీకి పూజ చేసుకున్నట్టే మేమూ చేసుకుంటాం, తప్పేముంది? సెలవులిచ్చే ముందు రోజు కొలిమికి మామిడాకుల తోరణం కట్టారు. క్యాంటీన్ నుంచి పులిహోర వచ్చింది. పసుపు రాసి కుంకుమ పెట్టడం మాత్రం ఎవరికీ వదలను, నా చేత్తోనే పెట్టాలి. కొలిమికి పెట్టాను, కల్వానికి పెట్టాను, త్రాసుకి పెట్టాను. ఆ వారమే కొత్త బోట్లు వచ్చాయి. వాటిని పళ్ళెంలో వరసగా పేర్చి, ఒక్కోదాని అంచు మీద తడి కుంకుమతో బొట్టు పెడుతున్నాను.

"సార్, కొలిమికి పెట్టాం కదండీ, బోట్లకి కూడా ఎందుకండీ?" అంది ప్రసన్న మెల్లగా.

"కొలిమికి పెట్టి బోటుకి మానేస్తే అది అలగదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి ఊరుకుంది.

సెలవులయ్యాక బోట్లని స్పిరిట్‌తో తుడిచాం. గరుకు పింగాణీ కదా, అంచుల దగ్గర లేత గులాబీ మరక మిగిలిపోయింది. పసుపులోంచి పుట్టిన కుంకుమేగా, కొలిమి వేడికి అదే కాలిపోతుంది పొమ్మన్నాను.

సంక్రాంతి దాటాక యంత్రం దగ్గర మాకు వంతు వచ్చింది. మాంగనీసు కలిపిన పొడులు పట్టుకుని ప్రసన్న రైలెక్కింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్.

"సార్, గీత వంగిందండి!"

"ఏ ఉష్ణోగ్రత దగ్గరమ్మా?"

"మామూలు గది ఉష్ణోగ్రతేనండి సార్."

బాబోయ్, ఆ ఒక్క మాటకి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతంగా ఉండే సిలికాన్, అదీ మా ఊకలోంచి! పేపరు రాశాం. ఒక మోస్తరు పత్రికే, కానీ చప్పున వేసుకున్నారు. పేర్లలో ప్రసన్న మొదటిది, నాది చివరిది. మా రంగంలో చివరి పేరు గైడుది, అంటే పరిశోధన నడిపించినవాడిది.

మా కరస్పాండెంటు, అంటే కాలేజీ యాజమాన్యానికి పెద్ద, రొయ్యల ఫీడు వ్యాపారం చేసే రాజుగారు. మనిషి చాలా మంచివారు. ఎవరైనా ఏదైనా సాధించారంటే చాలు, శాలువా కప్పందే ఆయనకి నిద్రపట్టదు. కాలేజీ గేటు దగ్గర నా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించారు, ఒక పక్క వరి కంకి, ఇంకో పక్క గుర్రపునాడా ఆకారంలో ఎర్ర అయస్కాంతం. "మన ఊక నుంచి అయస్కాంతం తీశారండీ మేష్టారు! భీమవరం పేరు నిలబెట్టారు!" అని మైకులో అన్నారు. తర్వాత నా చెవిలో, దీంతో ఏరేటర్లకి కరెంటు ఏమైనా కలిసొస్తుందా అని అడిగారు. ఇంకా టైమ్ పడుతుందండి అన్నాను. లేదండి అనాల్సింది. దండ వేస్తున్నప్పుడు నేను తల వంచింది వినయంతో కాదు, దండ తేలిగ్గా పడుతుందని. శాలువా, జ్ఞాపిక ఉన్న పళ్ళెం ఎవరు పట్టుకున్నారో ఆ రోజు నేను చూడను కూడా లేదు.

థీసిస్ సమర్పించే ముందు ప్రీ-సబ్మిషన్ సెమినార్ అని ఒకటి జరుగుతుంది. స్కాలరు చేసిన పనంతా కమిటీ ముందు చెప్పాలి, వాళ్ళు అడిగినదానికి జవాబివ్వాలి. మార్చి మొదట్లో పెట్టుకున్నాం. ప్రసన్న చక్కగా చెప్పింది. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చివర్లో, బ్లాంకు ఎప్పుడు చేశారమ్మా అని అడిగారు.

"శ్రావణంలోనండి."

"మాంగనీసు కలిపినవి?"

"దసరా వెళ్ళాకండి," అంది ప్రసన్న. అని, ఒక్క క్షణం ఆగిపోయింది.

మధ్యలో అన్ని నెలల తేడా ఉంది కాబట్టి కొత్త బ్లాంకు ఒకటి చేసి జతపరచండి, ఫార్మాలిటీ అంతే అన్నారాయన. ఫార్మాలిటీ అయితే ఎందుకు, పని లేకనా అని నేను లోపల రుసరుసలాడాను. అయినా చేశాం. నెలాఖరులో ప్రసన్న మళ్ళీ రైలెక్కింది. ఈసారి ఫోన్ రాలేదు. తిరిగొచ్చి, తిన్నగా నా గదికొచ్చి నిలబడింది.

"సార్, బ్లాంకు కూడా వంగిందండి."

అర్థం కానట్టు నటించాను గానీ ఆ మాటతోనే నాకు సంగతి తెలిసిపోయింది. మాంగనీసు లేని పొడి కూడా అయస్కాంతమే అయితే మాంగనీసు చేసిందేముంది? ఇంకేదో చేరింది. అలా చేరేది ఎప్పుడూ ఇనుమే. కంటికి కనపడనంత ఇనుప నలుసు చాలు, గీత వంగిపోవడానికి. ఇంక నా అలవాటు ప్రకారం దొంగని పట్టడం మొదలుపెట్టాను. మిల్లువాడు ఊక మార్చేశాడన్నాను. యాసిడ్ కంపెనీ మోసమన్నాను. ఆ సంస్థవాళ్ళకి యంత్రం తుడుచుకోవడం రాదన్నాను. చివరికి, నువ్వు ఇనుప గరిటె వాడి ఉంటావు అని ప్రసన్న మీద కూడా అరిచాను. ఆవిడ అంతా విని, "సార్, మీకొకటి చూపిస్తాను. కోప్పడకూడదండి మరి," అంది.

లాబ్‌లోకి తీసుకెళ్ళింది. బీరువాలో దసరా సామాన్ల దగ్గర మిగిలిపోయిన కుంకుమ పాకెట్ తీసింది. అది హడావుడిలో నేను దారిలో కొనుక్కొచ్చిన చవక పాకెట్. దానిలో చిటికెడు, బొట్టు తగలని ఒక పాత బోటులో పోసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుమ చిటికెడు ఇంకో పాత బోటులో పోసింది. రెండూ కొలిమిలో పెట్టి, మామూలుగా సిలికాన్‌కి ఏ వాయువులు పంపుతామో అవే పంపింది. చల్లారాక తీస్తే రెండూ నల్లగానే ఉన్నాయి. ప్రసన్న చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ముందు ఇంటి కుంకుమ మసి మీద ఆడించింది. కదల్లేదు. పాకెట్ కుంకుమ మీదికి తెచ్చేసరికి ఆ నల్లపొడి చటుక్కున లేచి, కాగితానికి మీసాల్లా అతుక్కుంది.

"పసుపూ నిమ్మరసంతో చేసింది కాలిపోతుందండి. చవక పాకెట్లలో కొన్నిట్లో ఎర్రరంగు కలుపుతారు. గడపకి వేసే జాజు రంగు లాంటిదేనండి. కొట్లో నాన్నగారు అనేవారు," అంది.

జాజు రంగంటే ఇనుప తుప్పు. తుప్పుకి హైడ్రోజన్ తగిలిస్తూ కాలిస్తే ఏమవుతుందో ఇంటర్మీడియట్ పిల్లలకి కూడా తెలుసు. ఇనుమవుతుంది. బొట్టు గరుకు పింగాణీలోకి ఇంకింది, ప్రతిసారీ కొలిమిలో ఇనుమై, పొడిని అంచు మీంచి గీకి తీసేటప్పుడు అందులో కలిసింది. మొదటి బ్లాంకు తిన్నగా రావడానికి కారణం మా నైపుణ్యం కాదు, అది దసరాకి ముందు చెయ్యడం. మేం కనిపెట్టిన అయస్కాంతం నేను పెట్టిన బొట్టు.

ఎప్పటి నుంచి అనుమానం అని అడిగాను. సెమినార్‌లో దసరా అన్న మాట తన నోటి నుంచే వచ్చినప్పటి నుంచి అంది. మరి ఇన్నాళ్ళూ చెప్పవేం అన్నాను.

"మీ చేత్తో పెట్టిన బొట్టండి. ఎలా చెప్పమంటారు?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పొరపాటు ఎవరైనా చేస్తారు. కానీ ఉన్న మాట చెప్పడానికి కొలిమి వెలిగించి, అయస్కాంతం పట్టుకుని, కోప్పడొద్దని మాట తీసుకోవలసి వచ్చిందంటే, గైడుగా నేను ఎలాంటివాణ్ణో నాకు అప్పుడే తెలిసింది.

పేపరు వెనక్కి తీసుకోవాలి. అంటే తప్పయిందని పత్రికకి రాయాలి, వాళ్ళు దాని మీద ఉపసంహరించబడింది అని ముద్ర వేస్తారు. థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం పోతుంది. మళ్ళీ చేసుకురావాలంటే కనీసం ఇంకో ఏడాది. ప్రిన్సిపాలుగారికి చెబితే ఆయన తలుపు వేయించి, "పోనీలెండి సార్, అచ్చయిపోయిందాన్ని ఇప్పుడెవరు చూడొచ్చారు? ముందు ఆ అమ్మాయి థీసిస్ ఇచ్చేయనివ్వండి. పోస్టు వచ్చాక నెమ్మదిగా రాసుకోవచ్చు," అన్నారు. చెడ్డ మనిషి చెప్పిన మాట కాదది. జాలితో చెప్పిన మాట. అందుకే అది రోజంతా నన్ను పట్టుకుని వదల్లేదు.

మర్నాడు ప్రసన్నని పిలిచి, నువ్వేమంటావమ్మా అని అడిగాను.

"నేను వద్దంటే మీరు రాయడం మానేస్తారా సార్?"

"మానను."

"మరైతే నన్నెందుకండీ అడగడం?"

ఆ సాయంత్రమే పత్రికకి ఉత్తరం రాశాను. ఏం జరిగిందో, బొట్టుతో సహా, దాచకుండా రాశాను. పంపించాక పెద్ద బరువు దిగినట్టయింది. ఆ రాత్రి ఆకలేసి సుబ్బరంగా భోంచేశాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ భోజనానికి సిగ్గేస్తుంది.

వేసవి వెళ్ళింది. ప్రసన్న థీసిస్ ఇవ్వలేదు. పోస్టుకి ప్రకటన పడింది. సెప్టెంబరులో ఉపాధ్యాయ దినోత్సవానికి రాజుగారు మళ్ళీ నాకు సన్మానం పెట్టారు. ఈసారి నిజాయితీకి! వద్దండి, బాగుండదండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఆయ్, మీరలాగే అంటారని తెలుసండి! తప్పయిందని ఒప్పుకోడానికి ఎంత గుండె కావాలండీ," అని ఆయన ఇంకా పొంగిపోయారు. మళ్ళీ ఫ్లెక్సీ. అదే ఫొటో. ఎర్ర అయస్కాంతం తీసేసి తెల్ల పావురం వేశారు.

సభకి ముందు ప్రిన్సిపాలుగారి గదిలో కాఫీ తాగుతున్నాం. ఫిజిక్సు పోస్టు ఆ ఉదయమే ఖాయం చేశామని ఆయన మాటల్లో చెప్పారు. వైజాగ్ నుంచి ఒక అబ్బాయిట, పీహెచ్‌డీ చేతిలో ఉందిట.

"అదేంటండీ, ప్రసన్నకి ఇస్తామన్నారు కదా!"

"పీహెచ్‌డీ లేదు కదండి సార్. రూలు."

"ఎందుకు లేదో మీకు తెలుసు కదండీ!"

"తెలుసండి. అందుకే కదా ఇవాళ మీకు సన్మానం." వెటకారం కాదు, ఆయన మామూలుగానే అన్నారు. తర్వాత కాస్త ఆగి, "వేసవిలో మీరు ఒక్క ఉత్తరం ముక్క రాసిచ్చి ఉంటే కమిటీలో పెట్టేవాణ్ణండి. హెడ్డుగారు అడిగారంటే ఏడాది ఆపేవాళ్ళు. మీరేమీ అనకపోయేసరికి మీకూ అభ్యంతరం లేదనుకున్నాం," అన్నారు.

ఆ ఉత్తరం రాయాలని నాకు తోచనే లేదు. పోస్టు సంగతి తెలుసు, గడువు తెలుసు, అడగగల కుర్చీలో ఉన్నదీ నేనే. నా తప్పు కడుక్కోవడానికి ఒక్క సాయంత్రంలో చక్కటి ఇంగ్లీషులో ఉత్తరం రాసినవాణ్ణి, ఆ అమ్మాయి కోసం నాలుగు ముక్కలు రాయలేకపోయాను. నిజం చెప్పేయడంతో నా పని అయిపోయిందనుకున్నాను.

స్టేజి ఎక్కాక మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాను. చెప్పాను కూడా. తప్పు చేసింది నేను, పట్టుకుంది ప్రసన్న, నష్టపోయిందీ ప్రసన్నే, ఈ శాలువా ఆవిడకి కప్పాలి అన్నాను. హాలంతా చప్పట్లు. రాజుగారు మైకు అందుకుని, "చూశారా బాబూ! శిష్యురాలికి కూడా పేరు కట్టబెడుతున్నారు. అదండీ గురువంటే!" అన్నారు. మళ్ళీ చప్పట్లు. నేనేం అంటే అది నా గొప్పతనమైపోతోంది. ఈసారి పళ్ళెం ఎవరు పట్టుకున్నారో చూశాను. పట్టుచీర కట్టుకుని, శాలువా పళ్ళెం పట్టుకుని నిలబడింది ప్రసన్నే. మా శాఖలో ఆడవాళ్ళు ఆవిడ ఒక్కరే కాబట్టి పోయినసారీ ఆవిడే పట్టుకుంది. రాజుగారు ఆ పళ్ళెంలోంచి శాలువా తీసి నా భుజాల మీద కప్పారు. వద్దని దిగిపోవచ్చు. దిగిపోతే దానికీ చప్పట్లు కొట్టేవారు. మెడ వంచాను.

సభయ్యాక మెట్ల దగ్గర ప్రసన్నతో, పోస్టు సంగతి ఇప్పుడే తెలిసిందమ్మా, నేను రాజుగారితో మాట్లాడతాను, అందరికీ మళ్ళీ చెబుతాను అని ఏదేదో అన్నాను.

"వద్దండి సార్. ఇంకోసారి నిజం చెప్పకండి. మూడో శాలువా కప్పుతారు," అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నా వైపు లేవు.

రాజుగారితో మాట్లాడాను. ఆర్డరు ఇచ్చేశాం కదండీ అని ఆయన నిజంగానే బాధపడ్డారు. కొత్తబ్బాయి చేరాక టెంపరరీ ఉద్యోగం కూడా పోయిన ప్రసన్న ఆ ఏడాదంతా ఒక ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెబుతూ థీసిస్ తిరగరాసింది. పోయిన అధ్యాయం స్థానంలో, నానో సిలికాన్‌లోకి ఇనుము ఎన్ని దారుల్లో దూరుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో రాసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఎక్కువసేపు అడిగింది ఆ అధ్యాయం గురించే. పట్టా వచ్చింది. రాజమండ్రి అవతల కోరుకొండ వైపు ఒక చిన్న కాలేజీలో ఉద్యోగం దొరికింది. భీమవరంలో ఇల్లు, భర్త ఉద్యోగం, పిల్ల బడి ఉన్నాయి. వారమంతా అక్కడ హాస్టల్లో ఉండి శనివారం ఇంటికి వస్తుంది. మాట ప్రకారం పోస్టు వచ్చుంటే కాలేజీకి ఇంటి నుంచి నడిచి వెళ్ళేది.

నేను రిటైరయ్యాక, కిందటేడు, వాళ్ళ కాలేజీకి వచ్చి పిల్లలకి ఈ కథ చెప్పమని ప్రసన్న ఫోన్ చేసింది. "శాలువా ఉండదండి సార్, ముందే చెబుతున్నాను," అంది. వెళ్ళాను. బోర్డు మీద తిన్నటి గీత, వంగిన గీత గీసి, కుంకుమ సంగతి చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు. చివర్లో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, బొట్టు పెట్టింది మీరు. కనిపెట్టింది మేడమ్. మరి పోస్టు పోయింది మేడమ్‌కెందుకండి?"

రెండు సన్మాన సభల్లో అంతమంది పెద్దవాళ్ళు అడగని ప్రశ్న. ప్రసన్న ముందు వరసలోనే కూర్చుంది. ఆ పిల్లని కూర్చోమనలేదు. నాకు సాయానికీ రాలేదు. జవాబు తనకీ కావాలన్నట్టు నా వైపే చూసింది. నేను రాయని ఉత్తరం సంగతి అప్పుడు చెప్పాను, అందరి ముందూ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మాయి "ఓహో" అని కూర్చుంది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండు. లాబ్‌లో ఏ చిన్న మార్పు జరిగినా బ్లాంకుని మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. పూజ కూడా మార్పే. రెండోది, గైడు పేపరు వెనక్కి తీసుకుంటే, పత్రికకి ఉత్తరం రాసిన పూటే, దాని మీద ఆధారపడ్డ స్కాలరు కోసం యాజమాన్యానికి ఇంకో ఉత్తరం రాయాలి. మొదటి ఉత్తరం రాసినందుకు నాకు శాలువా కప్పారు. రెండోది రాయనందుకు ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు.